తుఫాను వెలిసిన తర్వాత: వేలూరు సరిహద్దు పెరళ్ళలో కూరగాయ మొక్కల రక్షణ

తుఫాను వెలిసిన మూడవ నాడు ఎండ కాస్తుంది. నాలుగు రోజులుగా వానలో నిక్కి నిలిచిన టమోటా, మిరప మొక్కలు ఆ ఎండకు ఒక్కసారిగా తలలు వాలుస్తాయి. ఇంటివారు జాలిపడి బిందెడు నీళ్ళు తెచ్చి మొదట్లో పోస్తారు. వారం తిరగక ముందే మొక్క నిలువునా ఎండిపోతుంది. వానకు పోయిందని అందరూ అనుకుంటారు. చాలా సందర్భాలలో ఆ మొక్కను చంపినది వాన కాదు, వాన తర్వాత పోసిన ఆ బిందెడు నీరు.

వేలూరు నగరంలో కలిసిన తొరపాడి మొదలుకొని కాట్పాడి, గుడియాత్తం, పేర్ణంబట్టు దాకా, సరిహద్దుకు ఆవల చిత్తూరు, పలమనేరు పల్లెల దాకా తెలుగు కుటుంబాలకు పెరడంటే ఆకుకూర, నాలుగు వంగ మొక్కలు, ఒక చిక్కుడు పందిరి, ఒక మునగ చెట్టు. దీని విలువ మంచి రోజులలో పెద్దగా తెలియదు. 2021 నవంబరు వానలలోనూ, మళ్ళీ 2023 జూలైలోనూ టమోటా ధర కిలో వంద రూపాయలు దాటినప్పుడు తెలిసింది. మదనపల్లె మార్కెట్టు ఇంత దగ్గరలో ఉండి కూడా సరిహద్దు ఇళ్ళకు ఆ ధర తప్పలేదు. అంగడిలో కూర ప్రియమయ్యే వారమూ, పెరటి మొక్క దెబ్బతినే వారమూ ఒకటే కావడం ఇందులోని చిక్కు.

రెండు కాలాల పోటు

ఈ ప్రాంతానికి నైరుతి వానలూ అందుతాయి, ఈశాన్య వానలూ అందుతాయి. మొక్కలకు ప్రాణాంతకమైన కాలాలు మాత్రం రెండే. మొదటిది ఏప్రిల్ నుంచి జూన్ తొలి వారం వరకు. తమిళులు మే 4 మొదలు 28 వరకు అగ్ని నక్షత్రమనీ, కత్తిరి వెయిల్ అనీ చెప్పుకొనే రోజులలోనే మన కృత్తిక కార్తె నడుస్తుంది, రోహిణి కార్తె మొదలవుతుంది. వేలూరు చుట్టూ ఉన్నవి బండరాతి కొండలు. పగలు కాగిన రాయి రాత్రి కూడా వేడిని వదులుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. రెండవది అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు నడిమి వరకు, అనగా చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ కార్తెలు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు చెన్నై, పుదుచ్చేరిల మధ్య తీరం దాటి వాయవ్యంగా సాగితే అవి తిన్నగా ఈ మీదుగానే పోతాయి. 2016 డిసెంబరులో వర్దా, 2020 నవంబరులో నివర్, 2022 డిసెంబరులో మాండౌస్ తీరం దాటి లోపలికి వచ్చినవే. ఇంత దూరం వచ్చేసరికి గాలి తగ్గుతుంది, నీరు తగ్గదు.

సరిహద్దు వారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. గుడియాత్తం నడుమ పారే కౌండిన్య నది పలమనేరు అడవుల నీటిని మోసుకొని మోర్ధానా జలాశయం మీదుగా వస్తుంది. చిత్తూరు నీవా నది వేలూరు వైపు పొన్నై పేరుతో పాలారులో కలుస్తుంది. కనుక ఏటి ఒడ్డున ఉన్న పెరటికి ముప్పు తన నెత్తిన ఉన్న మేఘం నుంచే రానక్కరలేదు. గుడియాత్తంలో ఆకాశం తేటగా ఉన్నా పలమనేరులో కుండపోతగా కురుస్తున్నదంటే పందిరి కింది కుండీలు ఎత్తుకు చేర్చుకోవలసిందే. వేలూరు జిల్లాకు హెచ్చరికలు తమిళంలో వెలువడతాయి గనుక మాటలు తెలిసి ఉండడం మేలు. పుయల్ అంటే తుఫాను. కనమళై అంటే భారీ వర్షం, 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వరకు. మిగ కనమళై అంటే అంతకు మించి 204.4 వరకు. ఆ పైన కురిస్తే అది అతికనమళై.

చూరు నీటి లెక్క

ఈ మిల్లీమీటర్లను పెరటి లెక్కకు మార్చుకుంటేనే వాటి అర్థం తెలుస్తుంది. ఒక మిల్లీమీటరు వాన చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఒక సెంటు పెరటి మీద 100 మిల్లీమీటర్లు కురిస్తే దాదాపు 4 వేల లీటర్లు. ఎర్ర నేల అయితే ఇందులో చాలా భాగం ఇంకుతుంది. అయితే పెరటి పక్కన ఇల్లున్నది. 500 చదరపు అడుగుల మిద్దె మీద పడిన అదే వాన నాలుగున్నర వేల లీటర్లకు పైమాటే. ఆ గొట్టం పెరటిలోకే వదిలి ఉంటే సెంటు నేల మీద రెండు సెంట్ల వాన పడినట్లే. తుఫానులో మునిగిన పెరళ్ళను పరికిస్తే ఆకాశం పోసిన నీటితో సమానంగా సొంత ఇంటి చూరు పోసిన నీరు కనబడుతుంది.

తమిళనాడు ప్రభుత్వం 2003లో ఇళ్ళన్నింటికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేసింది. అప్పట్లో తవ్విన ఇంకుడు గుంతలు చాలా ఇళ్ళలో మట్టి నిండి మూతపడి ఉన్నాయి. వినాయక చవితి ముగిసిన వెంటనే ఆ గుంతలోని పూడిక తీసి, మిద్దె గొట్టాన్ని దానిలోకి మళ్ళించడం పెరటికి చేయదగిన మొదటి ఉపకారం. మందులూ ఎరువులూ దాని తర్వాతివి.

మళ్ళను నేల మట్టానికి జానెడు ఎత్తున కట్టి, మడికీ మడికీ నడుమ కాలువ తీసి, ఆ కాలువలన్నీ పల్లం వైపు ఒకే చోట కలిసేలా చూడాలి. పాత చెరువు అడుగున వెలసిన ఇళ్ళలో నేల జిగట మన్ను. అక్కడ ఎత్తు మళ్ళు లేకుండా కార్తీకంలో టమోటా నిలవదు. మిద్దె మీద సంచులలో పెంచేవారు సంచి అడుగు రంధ్రాలను పుల్లతో పొడిచి చూడాలి, రెండేళ్ళు గడిచిన సంచులలో అవి వేళ్ళతో మూసుకుపోయి ఉంటాయి. కుండీల కింది పళ్ళేలను వానాకాలమంతా తీసివేయాలి. అందులో నిలిచే గుక్కెడు నీరు మొక్కకు చేటు, డెంగీ దోమకు నిలయం.

గాలి తిరుగుతుంది

కొయ్యలు పాతి మొక్కలను కట్టేవారు సాధారణంగా ఒక్క వైపే కడతారు. తుఫాను గాలి ఒక్క దిక్కున వీచదు. అది ఆగ్నేయ దిశలో ఉండగా వేలూరు వైపు గాలి ఉత్తరం, ఈశాన్యం నుంచి వస్తుంది. తుఫాను మనకు దక్షిణంగా దాటిపోతే గాలి తూర్పుకు, ఆగ్నేయానికి మళ్ళుతుంది. ఉత్తరంగా దాటితే పడమటికి తిరుగుతుంది. మొదటి గాలికి నిలిచిన పందిరి రెండవ గాలికి కూలడానికి కారణం ఇదే. పందిరి నాలుగు మూలల గుంజలకూ బయటి వైపు తాళ్ళు లాగి మేకులకు కట్టాలి. మొక్కను కొయ్యకు కట్టేటప్పుడు తాడును ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి, కాండానికీ కొయ్యకూ నడుమ వేలు దూరేంత సందు వదలాలి. ప్లాస్టిక్ తాడు కాండాన్ని కోస్తుంది, పాత చీర పేలిక మంచిది.

హెచ్చరిక వచ్చిన రోజున సొర, బీర, పొట్ల పందిళ్ళ మీది ముదురు కాయలన్నీ కోసివేయాలి. బరువు సగం తగ్గుతుంది, కాయలూ వ్యర్థం కావు. మునగ కొమ్మ పెళుసు, గాలికి తప్పక విరుగుతుంది. దానిని ముందుగానే నాలుగడుగుల ఎత్తుకు నరికితే మళ్ళీ చిగురిస్తుంది. గాలి విరిచిన మునగ కాండం నిలువునా చీలిపోతుంది, అది కోలుకోవడం కష్టం. అరటికి పై ఆకులను సగానికి కోసి గాలి పట్టు తగ్గించవచ్చు. బొప్పాయికి చేయగలిగినది స్వల్పం.

గోడల సంగతి ఇక్కడే చెప్పాలి. 2021 నవంబరు 19న పేర్ణంబట్టులో వానకు నానిన ఇంటి గోడ కూలి తొమ్మిది మంది మరణించారు, వారిలో నలుగురు పసివారు. పెరటి ప్రహరీలు చాలా చోట్ల మట్టి గోడలే. వాన కురుస్తుండగా గాని, వెలిసిన రెండు మూడు రోజులలో గాని గోడ వారగా నిలిచి మొక్కలు సర్దడం, పిల్లలను అటు పంపడం చేయరాదు. కుండీలను, ఇటుకలను చేతితో ఎత్తకుండా కర్రతో కదిలించి చూడాలి. పాములు కూడా పొడి చోటే వెదుక్కుంటాయి.

వాడిన మొక్కను చదవడం

మొక్క వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల నడుమ ఉండవలసిన గాలిని నీరు వెళ్ళగొడితే, మిగిలిన ప్రాణవాయువు ఒకటి రెండు రోజులలో ఖర్చైపోతుంది. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు. వాన పడుతున్నంత సేపూ ఆకులకు నీటి అవసరం తక్కువ గనుక ఈ లోపం బయటపడదు. ఎండ కాసిన వెంటనే ఆకు నీరడుగుతుంది, వేరు ఇవ్వలేదు, మొక్క వాలిపోతుంది. నీటిలో నిలిచి దాహంతో వాడడమన్నమాట. చూపుకు ఇది ఎండకు వాడిన మొక్కలాగే ఉంటుంది, అందుకే చేయి బిందె వైపు పోతుంది.

మధ్యాహ్నం వాలి సాయంత్రానికి నిలబడే మొక్కకు సాధారణంగా జబ్బు ఉండదు, అది చాలావరకు ఎండ తాపమే. తెల్లవారుజామున కూడా వాలి ఉన్న మొక్కనే అనుమానించాలి. అప్పుడు వేలును మట్టిలోకి నాలుగు అంగుళాలు దించి చూడాలి. పొడిగా ఉంటే నీరు పోయాలి. తడిగా ఉంటే ఒక్క చుక్క కూడా పోయరాదు. పిడికెడు మట్టి తీసి వాసన చూస్తే మురుగు కంపు కొట్టవచ్చు, అది గాలి అందలేదనడానికి గుర్తు. ఒక చిన్న వేరును తవ్వి చూస్తే ఆరోగ్యమైనది తెల్లగా ఉంటుంది. కుళ్ళినది గోధుమ రంగుకు మారి, వేళ్ళ మధ్య లాగితే పైపొర తొడుగులా ఊడివస్తుంది.

తడి నేలలో వాడిన మొక్కకు మరొక కారణం కూడా ఉండవచ్చు. అది బాక్టీరియా ఎండు తెగులు. వంగ, టమోటా, మిరపలకు ఇది వాన నీటి వెంట పాకుతుంది. దీనిని గుర్తుపట్టడానికి ప్రయోగశాల అక్కరలేదు. కాండాన్ని మొదటికి దగ్గరగా కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులోని తేట నీటిలో వ్రేలాడదీయాలి. కొద్ది నిమిషాలలో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లని తీగ కిందికి దిగితే తెగులు సోకినట్లే. ఆ మొక్కకు వైద్యం లేదు. వేరు చుట్టూ ఉన్న మట్టితో సహా పెకలించి పెరటి బయట కాల్చివేయాలి, ఎరువు గుంతలో వేయరాదు. ఆ మడిలో రెండు మూడేళ్ళు వంగ జాతి మొక్కలు నాటకుండా మొక్కజొన్న, ఆకుకూరలు, అలసంద వేసుకోవడం ఉత్తమం.

తీగ దిగకపోతే మొక్క బ్రతికే అవకాశమున్నది. కాలువ తీసి నీటిని పంపిన తర్వాత, మట్టి చేతికి అంటుకోని స్థితికి వచ్చే వరకు మడిలో అడుగు పెట్టరాదు. తడి నేలను తొక్కితే మిగిలిన గాలి సందులు కూడా మూసుకుపోతాయి. ఆ తరువాత పై మట్టిని రెండు అంగుళాల లోతున మాత్రమే చిన్న తొవ్వతో గుల్ల చేయాలి. రెండు మూడు రోజులు పాత పంచెతో గాని చీరతో గాని పైన నీడ కట్టాలి. పెద్ద కాయలను కోసివేయాలి. వేరు పని చేయని రోజులలో ఆకుకు ఎంత పని తగ్గిస్తే అంత మేలు. టమోటాకు ఒక సౌకర్యం ఉన్నది. దాని కాండానికి మట్టి తగిలితే చాలు, కొత్త వేళ్ళు పుడతాయి. పొడి మట్టిని మొదటి చుట్టూ రెండంగుళాలు ఎగదోస్తే పాత వేళ్ళు కుళ్ళినా మొక్క నిలుస్తుంది.

వాన తర్వాత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, నత్రజని నీటితో కొట్టుకుపోవడం దానికి కారణం. అది చూసి తొందరపడి మొదట్లో యూరియా గాని, పచ్చి పేడ గాని వేయడం రెండవ పెద్ద పొరపాటు. పీల్చలేని వేరుకు ఎరువు విషం. లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున యూరియా గాని, 13-0-45 గాని కలిపి చల్లని వేళ ఆకుల మీద పిచికారీ చేస్తే సరిపోతుంది. కొత్త చిగురు కనబడిన తర్వాతే మొదటికి ఎరువు.

మచ్చ తెగుళ్ళకు, కుళ్ళుకు పాతకాలపు బోర్డో మిశ్రమం ఇంట్లోనే తయారవుతుంది. 1880 దశకంలో ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్షతోటలలో పుట్టినందున దానికా పేరు. పది గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీటిలోనూ, పది గ్రాముల సున్నాన్ని వేరొక అర లీటరులోనూ కరగించి, మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలోకి కలుపుతూ పోయాలి. పాత్ర మట్టిది గాని ప్లాస్టిక్‌ది గాని కావాలి. మెరిసే ఇనుప కత్తిని ముంచి తీస్తే ఎర్రని పూత పట్టిందంటే సున్నం చాలలేదని అర్థం. మరికొంత కలపాలి. చేసిన నాడే వాడాలి, వారం దాకా కాయలు కోయరాదు, కోసినవి బాగా కడగాలి. నారుమళ్ళలో నారు మొదలు కుళ్ళి పడిపోతుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి నేల తడిసేలా పోయడం వాడుకలో ఉన్న పద్ధతి. తెగులు ఏదో తేలకపోతే మొక్కను వేరుతో సహా కవరులో పెట్టి విరించిపురంలోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకుపోవచ్చు.

మురుగు కాలువ పొంగి పెరటిలోకి వచ్చి ఉంటే ఆ మడిలోని ఆకుకూరలన్నింటినీ వదులుకోవలసిందే. కడిగినంత మాత్రాన అవి పనికిరావు. ఆ తర్వాత కూడా కనీసం మూడు నెలలు అక్కడి కొత్తిమీర, ముల్లంగి వంటివి పచ్చిగా తినకపోవడం క్షేమం.

ఎండ పోటు

వేసవి నష్టం ఇంత గజిబిజిగా ఉండదు. పగలు 35 డిగ్రీలు, రాత్రి 25 డిగ్రీలు దాటితే టమోటా పుప్పొడి పనిచేయదు, పూత రాలుతుంది. ఆ రోజులలో ఎంత నీరు పెట్టినా, ఏ మందు కొట్టినా పిందె నిలవడం అరుదు. ఉన్న కాయలు కూడా ఎర్రబడక పసుపుగా పండుతాయి. ఎర్రదనాన్నిచ్చే పదార్థం అధిక వేడిలో తయారు కాదు. వాటిని పూర్తి ఎరుపు రాక ముందే, రంగు తిరగగానే కోసి ఇంటిలో మాగబెట్టడం మేలు.

నేలను కప్పడం వేసవిలో సగం వైద్యం. సరిహద్దు పల్లెలలో చెనక్కాయ పొట్టుకు కొదువ లేదు. దానిని మూడంగుళాల మందాన పరిచి, కాండానికి తగలకుండా కొంచెం ఎడంగా ఉంచితే తేమ నిలుస్తుంది. వరి గడ్డి, చెరకు ఆకు, కొబ్బరి పీచు ఏదైనా పనికివస్తుంది. అయితే చెదలు ఉన్న చోట పొట్టును పలుచగా వేయాలి. పడమటి ఎండ తగిలే వైపు 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వలను కట్టాలి. నాలుగు వైపులా మూసివేస్తే లోపల ఉక్క పెరుగుతుంది. నీరు తెల్లవారుజామున పెట్టాలి. మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీరు చేయి పెట్టలేనంత కాగి ఉంటుంది. గొట్టం విప్పి తిన్నగా మొక్కకు పట్టేవారు ఈ సంగతి మరచిపోతారు. ఏప్రిల్, మే నెలల వడగళ్ళకు నారుమడి మీద గోనెసంచి కప్పడం తప్ప వేరే ఉపాయం లేదు.

వంగ ఈ నేలకు అలవాటైన పంట. అణైకట్టు ప్రాంతపు ఎలవంబాడి ముళ్ళ వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ముదిరిన వంగ మొక్కను మే నెలలో అడుగు ఎత్తుకు కత్తిరించి వదిలితే తొలకరికి కొత్త కొమ్మలు వేస్తుంది. వంగ వేరు నిలువ నీటిని టమోటా వేరు కంటె బాగా తట్టుకుంటుంది. తైవానులోని ప్రపంచ కూరగాయల పరిశోధన కేంద్రం వారు ఈ గుణాన్ని ఆధారం చేసుకొని, వరద నేలలలో వంగ మొదలుకు టమోటా అంటు కట్టే పద్ధతిని ప్రచారం చేశారు. మన పెరళ్ళలో, గట్ల మీద తనంత తాను మొలిచే ఉస్తి మొక్క కూడా వంగకు అంటు మొదలుగా పనికివస్తుంది.

నాటే తేదీలు

పై జాగ్రత్తలలో సగం పని తేదీ మార్చుకుంటే తప్పిపోతుంది. ఆడి మాసం, అనగా జూలై నడుమ విత్తాలని తమిళులు చెప్పే మాట ఈ ప్రాంతానికి సరిగ్గా సరిపోతుంది. అప్పుడు వేసిన వంగ, మిరప, చిక్కుడు అక్టోబరు వానలు వచ్చేసరికి లోతుగా వేళ్ళూని ఉంటాయి. దీపావళి ముందు వెనుకల నాటిన లేత నారే తుఫానుకు మొదటి బలి. తొట్టిలో చేమగడ్డ, పల్లంలో గోంగూర ఉంచితే ఆ రెండు నెలలు కూరకు లోటు రాదు.

టమోటా విత్తనాన్ని నవంబరు చివరలో వసారా కింద, వాన తగలని చోట, తొట్లలో పోసుకోవాలి. నారు ఇరవై ఐదు రోజులు దాటేసరికి డిసెంబరు మూడవ వారం గడుస్తుంది. అప్పటికి తుఫానుల భయం చాలావరకు తగ్గి ఉంటుంది. ఆ నారును తొలి జనవరిలో మడికి మారిస్తే పొగమంచు రోజులలో ఆకు మచ్చ ఒక్కటే బెడద. కాపు మార్చి మొదట మొదలై, కత్తిరి ఎండలు రాకముందే కోతలు ముగుస్తాయి. ఏప్రిల్ చివర ఆ మళ్ళు ఖాళీ చేసి బెండ, గోరుచిక్కుడు, తోటకూర గింజలు చల్లుకోవచ్చు, అవి ఎండకు వెరవవు.